ఓటు లేనిదే పన్ను లేదు: బ్రిటన్ మహిళల పన్ను నిరాకరణ

పన్ను చెల్లించేవారికి చట్టసభలో ప్రాతినిధ్యం ఉండాలనేది బ్రిటిష్ రాజకీయ సంప్రదాయంలో పాత సూత్రం. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఆస్తి, ఆదాయం ఉన్న మహిళలు పురుషులతోపాటు పన్నులు చెల్లించేవారు. కాని పార్లమెంటు ఎన్నికల్లో వారికి ఓటు లేదు. ఈ వైరుధ్యమే పన్ను నిరాకరణ ఉద్యమానికి పునాది.

1906లో డోరా మాంటిఫియోరి ఆదాయపు పన్ను కట్టకుండా, లండన్‌లోని హామర్‌స్మిత్‌లో తన ఇంటి ద్వారాలు మూసివేసి, జప్తుకు వచ్చిన అధికారులను సుమారు ఆరు వారాలు అడ్డుకున్నారు. 1909లో మహిళల పన్ను నిరాకరణ సంఘం ఏర్పడింది. ‘ఓటు లేనిదే పన్ను లేదు’ అన్నది దాని నినాదం. సభ్యురాలు పన్ను కట్టదు. అధికారులు ఆమె వస్తువులను జప్తు చేసి వేలం వేస్తారు. ఆ వేలాన్నే సంఘం ప్రచార సభగా మార్చుకుంటుంది.

ఈ సంఘంలో భారతీయ మూలాలున్న సభ్యురాలు కూడా ఉన్నారు. ఆమె సిక్కు రాజ్యపు చివరి మహారాజు దులీప్ సింగ్ కుమార్తె సోఫియా. పెంపుడు కుక్కలకు, బండికి, నౌకరుకు లైసెన్సు రుసుము కట్టనందుకు 1911లో కోర్టు ఆమెకు జరిమానా విధించింది. పన్ను బకాయి కింద ఆమె వజ్రపు ఉంగరాన్ని వేలం వేశారు. తోటి సభ్యురాలు దాన్ని కొని ఆమెకే తిరిగి ఇచ్చారు.

చట్టంలోని మరో లోపం 1912లో బయటపడింది. 1882 నాటి చట్టం వివాహితకు సొంత ఆస్తి హక్కు ఇచ్చినా, ఆమె ఆదాయంపై పన్నుకు మాత్రం భర్తే బాధ్యుడు. డాక్టర్ ఎలిజబెత్ విల్క్స్ పన్ను నిరాకరిస్తే, ఉపాధ్యాయుడైన ఆమె భర్త మార్క్ విల్క్స్ జైలుకు వెళ్లవలసి వచ్చింది.

1914లో యుద్ధం రావడంతో సంఘం ఉద్యమాన్ని నిలిపివేసింది. 1918 చట్టం ముప్పై ఏళ్లు నిండి, ఆస్తి అర్హత గల మహిళలకు ఓటు ఇచ్చింది. పురుషులతో సమాన హక్కు 1928లో లభించింది.

ఈ వాదం బలాన్నీ, పరిమితినీ కలిపి చూడాలి. పన్ను కడుతున్నాను కనుక ఓటు కావాలన్న మాట ప్రభుత్వాన్ని దాని సూత్రంతోనే నిలదీసింది. అయితే ఆదాయపు పన్ను కట్టేంత సంపాదన లేని మిల్లు కార్మికురాలు, ఇంటి పనిమనిషి ఏ ప్రాతిపదికన ఓటు అడగాలి? మద్రాసు రాష్ట్రంలో 1921లో మహిళలకు ఓటు వచ్చినప్పుడు కూడా ఆస్తి, పన్ను అర్హతలు కొనసాగాయి. కోస్తాంధ్ర, రాయలసీమ మహిళల్లో అత్యధికులు ఓటుకు దూరంగానే మిగిలారు. భారత రాజ్యాంగం 326వ అధికరణ ద్వారా వయోజన ఓటు హక్కును గుర్తించి, ఓటుకూ పన్నుకూ ఉన్న ముడిని విప్పింది. పన్ను రసీదు కాదు, పౌరసత్వమే ఓటుకు ఆధారమైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పన్ను నిరాకరణ వాదం ఏ వర్గం మహిళలకు ఎక్కువగా ఉపకరించింది? కారణాలు వివరించండి.