కొట్టం విప్పకముందే ఫొటో తీసి పెట్టుకోండి

మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పాత కొట్టాలు ఏటేటా తగ్గిపోతున్నాయి. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాయి. వడ్లు కల్లం నుంచే కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. ఇక గుమ్మి ఎందుకు, పాతర ఎందుకు అని దూలాలు విప్పి అమ్ముతున్నారు. అమ్మడం, ఉంచుకోవడం మీ ఇష్టం. కాని విప్పకముందు నాలుగు ఫొటోలు తీసి పెట్టుకోండి. ఖర్చు లేని పని, అక్కరకు వచ్చే పని.

ఏం లాభం?

మానేరుపై మన్వాడ దగ్గర కట్టిన మిడ్‌మానేరు జలాశయంలో కొదురుపాక, వరదవెల్లి వంటి ఊళ్లు మునిగాయి. నీళ్లు వచ్చాక ఎవరి కొట్టం ఎంత పొడవో, ఎన్ని గుంజలో చూపడానికి ఏమీ మిగలదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమికే కాదు, దానిపై ఉన్న కట్టడాలకూ విలువ కట్టాలి. ఇందుకు కలెక్టరు ఇంజనీరు సాయం తీసుకోవచ్చు. ఆ మొత్తంపై నూటికి నూరు శాతం సొలేషియం కలుస్తుంది. ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా అభ్యంతరాలను రాతపూర్వకంగా కలెక్టరుకు ఇవ్వాలి. లెక్కలో మీ కొట్టం తప్పిపోతే, నోటిఫికేషన్‌కు ముందే తీసిన ఫొటో మీ మాటకు బలం. అయితే ఫొటో ఒక్కటే హక్కు పత్రం కాదు. ఇంటి పన్ను రసీదు, పట్టా కాగితాలు జతగా ఉండాలి.

ఎలా తీయాలి?

పొద్దున ఎండ ముదరకముందు గాని, సాయంత్రం పొద్దు వాలేటప్పుడు గాని తీయండి. ఏటవాలు వెలుగులో మట్టిగోడ, గూన పెంకలు స్పష్టంగా కనబడతాయి. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి.

నాలుగు దిక్కుల నుంచి కట్టడం మొత్తం వచ్చేలా నాలుగు తీయండి. తర్వాత లోపల దూలాలు, వాసాలు, దర్వాజ, గాబు, గుమ్మి విడివిడిగా తీయండి. కొలత తెలిసేందుకు గోడ పక్కన మనిషిని నిలబెట్టండి.

ఫోనులో తేదీ, లొకేషన్ ఆన్ చేయండి. వాట్సప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి గనుక అసలు ఫొటో చెరపొద్దు. రెండు ప్రతులు కడిగించి వెనుక ఊరు, సర్వే నంబరు, పొడవు వెడల్పులు, పెద్దలు చెప్పిన కట్టిన ఏడాది రాయండి.

చెదలు పట్టిన వాసాల కింద నిలబడొద్దు. చీకటి మూలల్లో పాములు, తేళ్లు ఉంటాయి. ముందు కర్రతో తట్టి చూడండి.

మార్లవాయి చెప్పే పాఠం

1940లలో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు ఆదిలాబాద్ అడవుల్లో, మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు నేడు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. అప్పటి మన పల్లె ఎట్లుండెనో చూడాలంటే అంత దూరపు పెట్టె తెరవాలి. మన ఊరి బొమ్మ మన ఇంటి పెట్టెలోనే ఉంటే ఎంత బాగుంటుంది!

పని తెమిలిన ఒక ఆదివారం పిల్లలను బండి మీద ఎక్కించుకొని ఉట్నూరు, జైనూరు దారిన పోయి రండి. వానాకాలం పోయాక ఆ దారి కంటికి పండుగ. దారిలో కనిపించే కొట్టాలను ఆపి చూపండి. గుంజ ఏది, వాసం ఏది, గుమ్మికి పేడ ఎందుకు అలుకుతారు అని చెప్పండి. గూడేల్లో మాత్రం పటేల్‌ను, ఇంటివారిని అడగకుండా ఫొటో తీయొద్దు. మన ఇంట్లోకి ఎవరైనా చెప్పకుండా వస్తే మనకెట్లుంటుంది?

కొట్టం కట్టిన తాత లేడు. ఏ దూలం ఏ అడవిది, ఎవరు చెక్కారు అని చెప్పగల ముసలవ్వ ఇంకా ఉంటే ఆమెను దర్వాజ ముందు కూర్చోబెట్టి మొదటి ఫొటో తీయండి. ఆ పని ఈ వారమే చేయండి.