నీలాపనింద

చవితి పూజ చేసే ఏ తెలుగు ఇంటనైనా శమంతకమణి కథ విని అక్షతలు తలపై వేసుకొంటారు. మా నూజివీడు మామిడితోటల పల్లెలలోనూ అంతే. తమకు నీలాపనింద రాకూడదన్నదే ఆనాటి కోరిక. తమవల్ల మరొకరికి రాకూడదన్న కోరిక ఎందరికి కలుగుతున్నది?

కథను మరొకసారి పరికించండి. వేటకు పోయిన ప్రసేనుడు తిరిగి రాలేదు. మణిని కృష్ణుడు అంతకుముందే అడిగి ఉన్నాడు. ఆ ఒక్క కారణం చాలునని సత్రాజిత్తు నింద వేసినాడు, ఊరు నమ్మినది. కృష్ణుడు నింద వేసినవారి నోరు మూయించబూనలేదు. పదిమందిని వెంటబెట్టుకొని అడవికి పోయినాడు. ప్రసేనుని కళేబరం, సింహపు అడుగులు, ఆపైన భల్లూకపు అడుగులు, ఇలా ఒక్కొక్క జాడ పట్టి గుహ చేరినాడు. మణిని తెచ్చి నిండుసభలో అప్పగించినాడు. నేరపరిశోధన అంటే ఇదే గదా!

పురాణం అటుంచి మన కాలానికి వద్దాం. 2007 డిసెంబరులో, నూజివీడు వలెనే నాటి కృష్ణాజిల్లాలో ఉన్న ఇబ్రహీంపట్నంలో, ఒక వసతిగృహాన పదిహేడేండ్ల విద్యార్థిని హత్యకు గురి అయినది. ప్రజలు ఆగ్రహించినారు, అది న్యాయమే. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు పేద యువకుని పోలీసులు అరెస్టు చేసినారు. 2010లో విజయవాడ న్యాయస్థానం శిక్ష విధించినది. 2017 మార్చి 31న హైదరాబాదులోని హైకోర్టు అతడు నిర్దోషి అని తీర్పు చెప్పి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వవలసిందన్నది. అప్పటికి ఎనిమిదేండ్లకు పైగా చెరసాలలో గడచిపోయినవి.

ఈ ఉదంతంలో మరువరానిది మృతురాలి తల్లి వైఖరి. ఆ యువకుడు దోషి కాడని తీర్పుకు ఎంతో ముందునుండే ఆమె చెబుతూ వచ్చినది. కడుపుకోతలోనూ ఆమె గ్రహించిన సత్యమిది: నిర్దోషి చెరలో ఉన్నంతకాలం అసలు దోషిని వెదికేవారు ఉండరు. నిందితుని హక్కులు బాధితులకు శత్రువులన్నది మనలో పాతుకొన్న భ్రమ.

ఆ భ్రమ ఎంత బలమైనదో 2019లో చూచినాము. హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలి హత్య జరిగిన కొద్దిదినాలకే, డిసెంబరు 6న, విచారణ మొదలుకాకముందే నలుగురు నిందితులు చటాన్‌పల్లి వద్ద పోలీసుకాల్పులలో మరణించినారు. జనం పోలీసులపై పూలు చల్లినారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో వెలువడినది. ఆత్మరక్షణ కోసం కాల్చినామన్న వాదం నమ్మదగినది కాదని అది తేల్చినది. ఆ నలుగురు దోషులో కారో ఇక ఏ న్యాయస్థానమూ నిర్ణయించజాలదు.

అరెస్టయిన వానిని 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలపాలని, తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుమని ఎవరినీ నిర్బంధించరాదని మన రాజ్యాంగం శాసించినది. పోలీసుల వద్ద చేసిన నేరాంగీకారం రుజువు కాదన్న సూత్రం 1872 నాటి సాక్ష్యచట్టంలో ఉన్నది; 2023 నాటి కొత్త చట్టమూ దానిని నిలుపుకొన్నది. ఇవి దొంగలపై జాలితో చేసిన ఏర్పాట్లు కావు. దెబ్బలకు తాళలేక నిర్దోషి కూడా ఒప్పుకోగలడని ఎరిగినవారు చేసినవి.

కాపు కాలంలో రాత్రివేళ తోటగట్టున కనబడిన కూలివానిని చెట్టుకు కట్టివేయమని కేక వేయడం సులభం. అతడు ఎందుకు వచ్చినాడో అడగడానికి ఓర్పు కావాలి. ఆ ఓర్పు బడిలోనే అలవడాలి. తరగతిలో ఒక కలం పోయినప్పుడు ముందుగా ఎవరి సంచీ తెరిపిస్తున్నామో ఉపాధ్యాయులమైన మనం గమనించాలి. అది ప్రతిసారీ పేదపిల్లవాని సంచీయే అయితే, ఆ తరగతిలో పౌరశాస్త్రం ఎంత చెప్పినా వ్యర్థమే.