బాగుచేసిన సంగతి దాచవద్దు



సంతలో ఎద్దు కొమ్ములు చెక్కి రంగు వేసినవానిని ఎవరును తప్పుపట్టరు. ఆ రంగు అందరికీ కనబడుచునే యుండును. పొదుగు నిండుగా అగుపించవలెనని రెండు పూటలు పాలు పిండక గేదెను తోలుకొనివచ్చువాని సంగతి వేరు. వాడు తనకు తెలిసినదానిని కొనువానికి దాచుచున్నాడు. పాత ఆటవస్తువులను వేలము వేయువారికిని ఈ భేదమే వర్తించును.

ఇది మనకెందుకని అనుకొనవద్దు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకము పొందిన భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదువాడైన ఎస్.ఎ. రహీమ్. అట్టి నగరములో, మా సంతోష్‌నగర్ వంటి పేటలలో, తాతలనాటి కప్పో, బ్యాటో, పతకమో ఇంట పదిలపరచుకొన్నవారు ఉందురు. పిల్లల ఫీజులకో, వైద్యమునకో అక్కర వచ్చినప్పుడు అవి బేరమునకు వచ్చును. అప్పుడే శోధన.

బ్యాటుకు క్రొత్త పిడి వేయుదురు. కప్పు సొట్టలు తీసి మెరుగు పెట్టుదురు. వెలిసిన సంతకముపై మరల సిరా దిద్దుదురు. చినిగినది కుట్టుట, చెద పట్టకుండ కాపాడుట మంచి పనులే. అయితే పాతవస్తువు కొనువాడు దాని అసలుతనమునకే వెల ఇచ్చును గనుక, ఏది పాతదో ఏది క్రొత్తదో చెప్పవలెను.

అమెరికాలో 1909–1911 మధ్య సిగరెట్టు పెట్టెలతో వచ్చిన హోనస్ వాగ్నర్ అను బేస్‌బాల్ ఆటగాని బొమ్మ కార్డు ఒకటి 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. మూలలు వాడిగా, అంచులు సాపుగా ఉన్న కార్డుకు ధర హెచ్చు. ఎన్నో ఏండ్ల క్రితము దానిని అమ్మిన బిల్ మాస్ట్రో అను వ్యాపారి, అంచులు కత్తిరించినది తానేనని 2013లో ఒప్పుకొనెను. తన వేలములలో దొంగ పాటలు పాడించి ధర పెంచిన మోసమునకు 2015లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడెను.

మన చట్టమును ఇదే చెప్పుచున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను ప్రకారము, మోసగించు తలంపుతో తెలిసిన సంగతిని కప్పిపుచ్చుట మోసమే. 1930 నాటి వస్తువిక్రయ చట్టము 64వ సెక్షను ప్రకారము, అమ్మువాడు దొంగ పాట పాడించినయెడల కొన్నవాడు ఆ కొనుగోలును రద్దుపరచుకొనవచ్చును.

కాబట్టి బాగుచేయించుటకు ముందే ఫోటో తీయించుడి. ఏమి మార్చితిరో, ఎప్పుడు, ఎవరిచేత చేయించితిరో కాగితముపై వ్రాసి వస్తువుతోకూడ ఇయ్యుడి. తీసివేసిన పాత ముక్కను పారవేయవద్దు. పాట మొదలుకాకమునుపే అందరు వినునట్లు చెప్పుడి. కొనువారైతే, "దీనికి ఏమైన మరమ్మతు జరిగినదా?" అని అడిగి, జవాబు వ్రాతలో తీసికొనుడి.

నిజము చెప్పినందున నాలుగు రూపాయలు తగ్గవచ్చును. అయినను ఆ వస్తువుమీద మీ తాతగారి పేరున్నది. ఆ పేరుతో అబద్ధమును అమ్మకుడి.