మీకు తెలుసా? హైదరాబాద్ చెవి ఆకాశంలో ఉంది

2019 ఏప్రిల్ 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్ఎల్వీ-సీ45 రాకెట్ 28 విదేశీ ఉపగ్రహాలతో పాటు మన ఎమిశాట్‌ను కూడా మోసుకెళ్లింది. బరువు 436 కిలోలు, కక్ష్య ఎత్తు 748 కిలోమీటర్లు. విద్యుదయస్కాంత తరంగాలను కొలవడం దాని పని అని మాత్రమే ఇస్రో చెప్పింది.

అందులోని పరికరం పేరు కౌటిల్య. గూఢచారుల గురించి అధ్యాయాలకు అధ్యాయాలు రాసిన అర్థశాస్త్రకారుడి పేరు! దాన్ని తయారుచేసింది హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోని డీఎల్ఆర్ఎల్, అంటే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాల.

ఇది ఫొటోలు తీయదు, వింటుంది. ఏ రాడార్ అయినా పనిచేయాలంటే తరంగాలు వదలక తప్పదు. వాటిని పైనుంచి పట్టుకుంటే ఆ రాడార్ ఎక్కడుందో, ఏ రకమో అంచనా వేయవచ్చు. సరిహద్దు దాటనక్కర్లేదు, యుద్ధం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఈ విద్యకు దారి చూపింది అమెరికా. 1960 మే 1న సోవియట్ యూనియన్ అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని కూల్చేసింది. పైలట్ గ్యారీ పవర్స్ ప్రాణాలతో దొరికిపోయాడు. ఆ ఏడాదే జూన్ 22న సోవియట్ రాడార్లను వినే అమెరికా ఉపగ్రహం గ్రాబ్-1 కక్ష్యకు చేరింది. పైకి మాత్రం సూర్యకిరణాల పరిశోధన అన్నారు. అసలు సంగతి 1998 దాకా బయటపెట్టలేదు.

ఎమిశాట్‌ది ధ్రువాల మీదుగా సాగే దారి. కింద భూమి తిరుగుతుంటుంది కనుక తెలంగాణలోని టేకులపల్లి అడవులూ దాని దారిలోకి వస్తాయి.