అసమకాలిక వెబ్ అభ్యర్థనలు – గడువు నిర్ణయం

ఒక అనువర్తనం సర్వర్‌ను సమాచారం కోరి, సమాధానం వచ్చేవరకు ఆగిపోక తక్కిన పనులు కొనసాగించే పద్ధతిని అసమకాలిక అభ్యర్థన అంటారు. సమాధానం కోసం ఎంతసేపు వేచి ఉండాలో నిర్ణయించేది గడువు, వాడుకలో టైమవుట్.

ఈ గడువును ఎవరు విధించాలన్న విషయంలో సాధనాలన్నీ ఒక తీరున లేవు. బ్రౌజర్‌లోని ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌కు టైమవుట్ అనే ప్రాపర్టీ ఉన్నా దాని తొలి విలువ 0. అనగా గడువు లేదని అర్థం. డాట్‌నెట్‌లోని హెచ్‌టీటీపీ వెబ్ రిక్వెస్ట్ సంగతి మరీ చిత్రమైనది. దాని తొలి గడువు 100 సెకన్లు. అయితే బిగిన్ గెట్ రెస్పాన్స్ ద్వారా అసమకాలికంగా అడిగినప్పుడు అది వర్తించదు. అక్కడ గడువు చూసుకోవలసినది ప్రోగ్రామరే. విలువ రాసినంత మాత్రాన రక్షణ ఉన్నదనుకోవడం భ్రమ.

జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్‌కు గడువు చెప్పే ఐచ్ఛికమే లేదు. అందువల్ల చాలామంది ప్రామిస్ రేస్‌తో అభ్యర్థనకూ టైమర్‌కూ పందెం పెడతారు. టైమర్ గెలిచినా అభ్యర్థన ఆగదు. దాని ఫలితాన్ని ఎవరూ పట్టించుకోరు, అంతే. అబార్ట్ సిగ్నల్ టైమవుట్‌కు 5000 మిల్లీసెకన్లు ఇచ్చి ఆ సిగ్నల్‌ను ఫెచ్‌కు అందిస్తే అభ్యర్థన నిజంగా రద్దవుతుంది. అప్పుడు వచ్చేది టైమవుట్ ఎర్రర్; వినియోగదారుడే రద్దు చేస్తే సాధారణంగా అబార్ట్ ఎర్రర్. మొదటిదానికి సందేశం చూపాలి, రెండవదానికి మౌనమే మేలు. మరొక సూక్ష్మం: ఫెచ్ ప్రామిస్ హెడర్లు అందగానే నెరవేరుతుంది. సొంత టైమర్ వాడేవారు దానిని ఆ క్షణంలోనే తొలగిస్తే, వెనుక రావలసిన అసలు సమాచారానికి గడువు లేకుండా పోతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది, రద్దయ్యేది మన నిరీక్షణే గాని సర్వర్ పని కాదు. విద్యుత్ బిల్లు చెల్లింపు మధ్యలో గడువు ముగిసిందనుకుందాం. అభ్యర్థన సర్వర్‌కు చేరనే లేదా, సొమ్ము జమ అయి రసీదు మాత్రమే దారిలో చిక్కుకున్నదా? ఇటువైపునుండి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సమాచారం చదివే అభ్యర్థనను మళ్లీ పంపవచ్చు. చెల్లింపును గుడ్డిగా పంపితే ఖాతాలో రెండుసార్లు కోత పడవచ్చు. కనుక ప్రతి చెల్లింపుకూ ఒక విశిష్ట సంఖ్యను జతచేయాలి. సర్వర్ ఆ సంఖ్యను గుర్తుంచుకొని, అదే మళ్లీ వస్తే పని తిరిగి చేయక పాత ఫలితాన్నే ఇవ్వాలి. స్ట్రైప్ వంటి చెల్లింపు సేవలు ఐడెంపొటెన్సీ కీ అనే హెడర్ ద్వారా ఈ ఏర్పాటు చేశాయి. ఆ సంఖ్యను చెల్లింపు ఆరంభంలో ఒక్కసారే సృష్టించాలి; ప్రతి ప్రయత్నానికీ కొత్తది సృష్టిస్తే సర్వర్ దృష్టిలో అవన్నీ వేర్వేరు చెల్లింపులే.