తాండ్ర పాపారాయుని స్వామిభక్తి

తెలుగు వీరగాథలలో ఏలిక కొరకు ప్రాణమిచ్చిన బంట్లకు కొదువ లేదు. ప్రాణమిచ్చుట అక్కడ సామాన్య ధర్మం. దానిని ప్రత్యేకించి పొగడవలసిన అవసరం కూడ గాయకునికి ఉండదు. అట్టి వీరుల నడుమ తాండ్ర పాపారాయుని స్థానం విలక్షణమైనది. ప్రభువు నేలకొరిగిన యుద్ధంలో అతడు లేడు. ఏ పనివలన అతని పేరు నిలిచినదో ఆ పని రణరంగంలో జరుగలేదు. రాత్రివేళ, శత్రువు డేరాలో, పడక మీద జరిగినది. అట్లు చేయుమని అతనికి ఆజ్ఞ ఇచ్చినవారు లేరు. ఇవ్వదగిన ఏలిక అప్పటికే మరణించినాడు. అయినను రెండున్నర శతాబ్దాలుగా ఈ కథ వినేవారికి ఆ ఘట్టమే ప్రధానం. కోట కూలిన వార్తకు నిట్టూర్చిన సభ, పాపారాయుడు డేరా చీల్చుకొని లోనికి దూరగానే నిటారుగా కూర్చుంటుంది. ఇంత క్రూరమైన కార్యాన్ని భక్తి అని పిలుచుటకు మన కథకులు ఏమేమి చేసినారో చూడదగినది.

కథ అందరెరిగినదే కనుక క్లుప్తంగా చెప్పుకొనవచ్చును. 1753లో సలాబతుజంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినాడు. వారి పక్షాన ఆ సీమను చక్కబెట్టవలసిన భారం బుస్సీ మీద పడినది. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు బుస్సీకి చేరువైనాడు. బొబ్బిలి ప్రభువు గోపాలకృష్ణ రంగారావు కాలేదు. సరిహద్దు తగవులు, ఏటి నీళ్ల తగవులు, వంశగౌరవపు పట్టింపులు అంతకు ముందునుండి ఉన్నవే. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు, విజయనగరపు బలగాలు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించినవి. కోట నిలువదని తేలిన తరువాత లోపలివారు తమ ఇండ్లకు తామే నిప్పు పెట్టుకొన్నారు. ఆడువారిని, పిల్లలను తమ చేతులతోనే చంపుకొన్నారు. రంగారావు పోరాడి మరణించినాడు. పాపారాయుడు ఆ వేళకు రాజాంలో ఉన్నాడని గాథ చెప్పుతుంది. కబురు సకాలంలో అందలేదు, అతడు వచ్చునప్పటికి కోట బూడిద.

ఈ యుద్ధపు త్రాటికి ఒక కొస పుదుచ్చేరిలో ఉన్నది. బుస్సీ ఆజ్ఞలన్నిటి వెనుక ఉన్న కొలువు అక్కడిదే. చివరకు 1785లో అతడు కన్ను మూసినదీ అక్కడనే. జనం ఇప్పటికీ బుస్సీ వీధి అని పిలిచే దారికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టినారు. ఇందిరా నగర్ వంటి కొత్త పేటలనుండి సముద్రపు గట్టుకు వచ్చువారికి అది దుకాణాలున్న ఒక వీధి మాత్రమే. అదే పట్టణంలో, ఇంచుమించు అదే కాలంలో, దుబాసీ ఆనందరంగపిళ్లె పేర కస్తూరి రంగకవి తెలుగులో ఒక ఛందశ్శాస్త్రం రచించినాడు. ఒక పట్టణం నుండి ఫిరంగులూ గణవిభజన సూత్రాలూ ఒక్కమారే వెలువడినవనుట కొంత వింతగా తోచవచ్చును గాని, ఆ శతాబ్దం తెలుగువారికి అట్టిదే.

యుద్ధం జరిగిన ఇరువదియొక్క సంవత్సరాల తరువాత, 1778లో, ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ తన గ్రంథపు రెండవ సంపుటంలో బొబ్బిలి వృత్తాంతాన్ని సవిస్తరంగా వ్రాసినాడు. అందులో విజయరామరాజును చంపినవాడు ఒక్కడు కాడు. రంగారావు పడిపోవుట చూచిన నలుగురు బంట్లు కోటలోనే ఒక మూల దాగి, చీకటి పడిన తరువాత గోడ దిగి, భాష ఒక్కటే కావున శత్రుసేన నడుమ అనుమానం కలుగకుండ నడచిపోయి పొదలలో నక్కినారు. మూడవ రాత్రి ఇద్దరు డేరాలోనికి ప్రాకి పోయినారు. ప్రభువు దేహం మీద ముప్పదిరెండు గాయాలు లెక్కకు వచ్చినవి. పొడిచిన ఇద్దరినీ కావలివారు అక్కడికక్కడే తెగవేసినారు. వారు తప్పినచో మిగిలిన ఇద్దరూ అదే ప్రమాణానికి కట్టుబడి మరునాడు ప్రయత్నింపవలసినవారు. ఓర్మ్ ఆ నలుగురి పేర్లు చెప్పలేదు.

నలుగురు అనామకులు ఒక్క పాపారాయుడైనారు. గాథాకర్త సాధించిన తొలి పని ఇది. దీనిని చరిత్రకు ద్రోహమని కొట్టివేయుట సులభం. జంగాల నోటను, పెద్దాడ మల్లేశం పేర ప్రసిద్ధమైన కథలోను, తరువాత బుర్రకథలలోను నిలిచినది పేరులేని ప్రమాణం కాదు, పేరున్న మనిషి. నలుగురు కలిసి చేసిన ప్రతిజ్ఞలో ఒకరికొకరు సాక్షులు. వెనుదీసినవానికి తోడివారి ముందు తలవంపు తప్పదు. ఒంటరివానికి ఆ సాక్షులు లేరు. అతడు వెనుదిరిగి రాజాం చేరి బ్రతికి ఉన్నచో నిందించుటకు బొబ్బిలిలో మనిషి మిగులలేదు. అందువలన ఓర్మ్ కథలో పట్టుదలగా కనిపించినది గాథలో భక్తిగా మారినది. చూచువారు లేనిచోట నిలిచిన విధేయతకే మన భాషలో ఆ మాట చెల్లుతుంది.

రెండవది ఆలస్యం. పాపారాయుడు కోటలోనే ఉండి పోరాడి చచ్చినచో పదిమంది వీరులలో ఒకడై, రంగారావు తమ్ముడు వెంగళరాయుని ప్రక్కన ఒక పేరుగా మిగిలేవాడు. కబురు అందకపోవుట అతనిని ఋణస్థునిగా మార్చినది. ఇది ఖడ్గతిక్కన కథకు తలక్రిందులైనది. ఖడ్గతిక్కన యుద్ధం నుండి తిరిగివచ్చి, ఇంటి ఆడువారి ఎత్తిపొడుపులకు తాళలేక మరల కదనానికి పోయి మరణించినాడని చాటు సంప్రదాయం. పాపారాయుడు యుద్ధానికి చేరలేకపోయినవాడు. ఎత్తిపొడువవలసిన ఆడువారు మంటలలో కలిసిపోయినారు. పలువురు కథకులు రాణి మల్లమ్మను అతని తోబుట్టువుగా చెప్పుటలో ఉన్న కారణం కొంత ఇక్కడ దొరుకుతుంది. అయితే ఈ బంధుత్వం కథకు బలం ఎంత చేకూర్చినదో అంత తగ్గించినది కూడ. చెల్లెలి కొరకు కత్తి దూసినవాని ఆవేశంలో ఏలిక ఉప్పు పాలు ఎంతో తేల్చుట కష్టం. కన్నీరు ఎక్కువ పలికింపదలచిన నాటకకర్తలు ఈ చిక్కును గమనించినట్లు లేదు.

అసలు చిక్కు వేరొకటి. నిద్రలో ఉన్నవానిని చంపుట మహాపాతకమని ఈ శ్రోతలకే పురాణ కాలక్షేపాలలో చెప్పుతూ వచ్చినారు. తిక్కన భారతం విన్నవారికి సౌప్తిక పర్వం గుర్తురాక మానదు. తొడలు విరిగిన దుర్యోధనుడు సేనాధిపత్యమిచ్చిన తరువాత అశ్వత్థామ పాండవ శిబిరంలో చొరబడి నిదురించువారిని చంపినాడు. అదియు స్వామిభక్తియే. కృపాచార్యుడు వలదన్నను అతడు వినలేదు. పాపారాయుని కార్యం బాహ్యంగా దీనికి నకలు వలె ఉన్నది. మరి ఒకడు శాపగ్రస్తుడు, ఒకడు వీరుడు ఎట్లయినారు? భేదం చంపిన తీరులో వెదకినచో దొరకదు. చంపుటకు ముందు శత్రువును మేల్కొల్పి పేరు చెప్పినట్లు చిత్రించే కథకుడు ఆ మచ్చను కడుగజూచినాడు గాని, శిబిరం నడుమ, కావలివారు కునుకుతుండగా, పడక దిగని మనిషికి ఇచ్చే ఆ అరనిమిషం ధర్మయుద్ధం కాజాలదు. భేదం తరువాతి దానిలో ఉన్నది. అశ్వత్థామ వార్త చెప్పి ప్రభువును సంతోషపెట్టుటకు తిరిగి వచ్చినాడు, ఆపైన ప్రాణం కాపాడుకొన చూచినాడు. పాపారాయునికి వార్త చెప్పుటకు ప్రభువు లేడు, తిరిగి వచ్చుటకు చోటు లేదు. అతడు ఆ డేరావద్దనే ముగిసిపోయినాడు. క్రూరకర్మకు వెల అదే రాత్రి, అదే చోట చెల్లించినవానిని తెలుగు శ్రోత క్షమించినాడు.

ఈ క్షమ మితిమీరినదని తలచువారు ఉండవచ్చును. విజయరామరాజు పక్షం వినుట మన కథకులకు అలవాటు లేదు. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రలో గాని, వేదం వేంకటరాయశాస్త్రి నాటకంలో గాని, 1964 నాటి బొబ్బిలి యుద్ధం చలనచిత్రంలో గాని దృష్టి బొబ్బిలి మీదనే నిలిచినది. ఆ చిత్రంలో పాపారాయుడుగా ఎస్.వి. రంగారావు నిలుచున్న తరువాత ఆ వీరుని మరొక రూపంతో ఊహించుట రెండు తరాలవారికి సాధ్యం కాలేదు. కాని ఆ బాకుపోటు ఫలితం బొబ్బిలితో ఆగలేదు. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివారిమీద విముఖుడై, 1758లో విశాఖపట్టణాన్ని వారినుండి లాగుకొని ఆంగ్లేయులకు అప్పగించి, బంగాళానికి కబురంపినాడు. కర్నల్ ఫోర్డ్ వచ్చినాడు. ఆ డిసెంబరులో చందుర్తివద్ద, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్టణంలో ఫ్రెంచివారు ఓడినారు. 1761 జనవరిలో పుదుచ్చేరియే లొంగిపోయినది. ఇన్నిటికీ ఒక్క హత్య కారణమనుట అతిశయోక్తి. ఫ్రెంచివారి నేస్తం డేరాలో చావకున్నచో వారికి ఆ తీరంలో ఒక గట్టి అండ ఉండేదనుట మాత్రం అతిశయోక్తి కాదు. పాపారాయునికి ఇదంతా పట్టలేదు. అతని చూపు కోటగోడ దాటి పోలేదు. ఏలిక చచ్చినాడు, చంపించినవాడు బ్రతికి ఉన్నాడు.

ఆ కోటలోనే అతనికి సరిజోడు కాగల మరొక భక్తుడు ఉన్నాడు. ఆడువారినీ పిల్లలనూ మిగుల్చరాదన్నది రంగారావు ఆజ్ఞ. దానిని పాటించినవారి చేతులు పాపారాయుని చేతులకంటె ఎక్కువ రక్తసిక్తమైనవే. పద్యంలో, పాటలో ఆ భాగం అభిమాన రక్షణమనే మాటతో వేగంగా గడిచిపోతుంది. ఆ వేగం అనుమానింపదగినదే. పోరు ముగిసిన తరువాత, ఓర్మ్ వ్రాసినదాని ప్రకారం, ఒక ముసలివాడు బాలుని ఒకనిని చేతబట్టుకొని లా అనే ఫ్రెంచి సేనాధికారి ఎదుటికి వచ్చినాడు. వీడు రంగారావు కుమారుడు, తండ్రి మాటకు మారుగా వీనిని దాచితినని చెప్పినాడు. ఆజ్ఞ లేకయే చంపినవాడు ఒకడు, ఆజ్ఞ మీరి బ్రతికించినవాడు ఇతడు. బొబ్బిలి వంశం నిలిచినది ఆ రెండవ భక్తునివలన. శత్రువుల నడుమకు పసివానితో నడచి వచ్చుటకు డేరాలో దూరినంత తెగువ కావలెను. ఓర్మ్ అతని పేరు కూడ వ్రాయలేదు. ఆ నలుగురు అనామకులకు జంగాలు ఒక పేరు సమకూర్చి పెట్టినారు. పాపారాయునికి దక్కినంత పేరు ఈ ముసలివానికి నేటివరకు దక్కలేదు.