మురుగునీటి శుద్ధికి సూర్యతాపము

హైదరాబాదు నగరము దాటిన పిమ్మట మూసీ నది ఇరుదరుల పొలములను తడుపుచు సాగుచున్నది. ఆ నీటిలో అధికభాగము నగరపు మురుగునీరే. వేసవిలో వాగులన్నియు ఎండినను అది ఎండదు. పైరుకు బలమిచ్చు నత్రజని, భాస్వరములును అందు కలవు. రైతు దానిని వదలుకొనకుండుటలో వింత యేమున్నది? పశువుల మేతగడ్డి, వరి, ఆకుకూరలు ఆ నీటితోనే పండుచున్నవి. కాని ఆ నీటిలో దిగి పనిచేయు కుటుంబములలో ఏలికపాములు, కొంకిపురుగుల బాధ ఎక్కువని పరిశీలనలలో తేలినది.

మురుగునీటిని నిలువబెట్టి, గాలి పట్టించి శుద్ధిచేసినప్పుడు అది తేటపడును. తేటపడినదెల్ల నిర్దోషము కాదు. క్లోరిను పెక్కు సూక్ష్మజీవులను చంపును గాని, దళసరి పెంకుగల ఏలికపాము గ్రుడ్డు సాధారణపు మోతాదుకు లొంగదు. వేడిమికి మాత్రము లొంగును.

ఇందుకు నీరు మరగనవసరము లేదు. రిచర్డ్ ఫీచెమ్, ఆయన సహచరులు 1983లో ప్రకటించిన గ్రంథము ప్రకారము 62 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి ఒక గంట, 50 డిగ్రీలు ఒక దినము, 46 డిగ్రీలు ఒక వారము నిలిచిన చాలును. వేడిమి తగ్గినకొలది కాలము పెరుగవలెను. ఒక క్షణము వేడెక్కి చల్లారిన నీటిని నమ్మరాదు.

ఎండతో ఈ వేడిమి సాధ్యమా? లెక్క చూతము. లీటరు నీటిని 25 నుండి 65 డిగ్రీలకు తెచ్చుటకు 40 కిలో కెలోరీలు కావలెను. మంచి ఎండ కాయు దినమున చదరపు మీటరు నేలపై సుమారు 4,300 కిలో కెలోరీలు పడును. అద్దము క్రింద నల్లరంగు పూసిన రేకు అందులో సగము పట్టినను, దినమునకు 50 లీటర్లకు మించి కాగవు. ఇది చాల స్వల్పము. అయితే కాగి వెలుపలికి పోవు వేడినీటిని, లోనికి వచ్చు చల్లనినీటి గొట్టము చుట్టును ప్రవహింపజేసినచో, పోవు నీటి వేడిమి వచ్చు నీటికి సంక్రమించును. నాలుగింట మూడువంతులు ఇట్లు తిరిగి లభించినచో 50 లీటర్లు 200 అగును. ఈ పద్ధతికి ప్రాణము ఇదియే.

నిర్ణీతమైన వేడిమి వచ్చువరకు తెరచుకొనని కవాటమును అమర్చవలెను. మబ్బు పట్టిన దినమున నీరు తక్కువగా వచ్చును గాని, కాగని నీరు బయటికి రాదు. కాగిన నీటిని చలి, గాలి సోకని తొట్టిలో గంటసేపు నిలుపవలెను. పిదప దానిని శుభ్రమైన తొట్టిలో పట్టి త్వరగా వాడుకొనవలెను. క్లోరినువలె వేడిమి నీటిలో నిలిచి కాపాడదు. లవణములు, రంగులు, లోహములు వేడిమికి పోవు గనుక ఈ నీరు త్రాగుటకు పనికిరాదు.

పది లక్షల లీటర్లు కాచుటకు 5,000 చదరపు మీటర్లు, అనగా ఎకరమునకు పైగా అద్దము పరువవలెను. కావున మూసీనంతను ఎండతో కాచుట కలలోని మాట. కూరగాయల తోటగల వసతిగృహమునకు, ఆసుపత్రికి ఇది తగును. నగరమునకు విశాలమైన చెరువులలో ఎనిమిది పది దినములు నీటిని నిలువబెట్టి గ్రుడ్లను అడుగంటనిచ్చుట మేలు. అంతవరకు ఆ పొలములలో పనిచేయువారు కాళ్లకు రబ్బరు బూట్లు తొడుగుకొనవలెను. భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పిల్లలకు నులిపురుగుల మందు తప్పక వేయించవలెను.